అడ్వాన్సు, అడుగుల లెక్క, మూలన పేరు

మా మామ దుకాణంలో ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగు పుస్తకం ఒకటి ఉండేది. మామ అంటే అమ్మ తమ్ముడు, కావలి ట్రంకు రోడ్డు మీద బోర్డులు రాసే ఆర్టిస్టు. ఆ పుస్తకంలో ఒక్కో పనికి ఒక్కో వరస. ఎవరి బోర్డు, ఎన్ని అడుగులకు ఎన్ని అడుగులు, చదరపు అడుగుకు ఎంత, అడ్వాన్సు ఎంత ఇచ్చారు, మిగతాది ఏ రోజు ఇస్తామన్నారు. అడ్వాన్సు గడి ఖాళీగా ఉంటే ఆ రేకుకు ప్రైమరు కూడా పూసేవాడు కాదు. ఎంత తెలిసినవాళ్ళయినా అంతే. ఒకసారి మా నాయన స్నేహితుడే వచ్చి "మనవాళ్ళమేగా" అంటే, "మనవాళ్ళు గనకనే ముందు ఇచ్చి పోండి అన్నా, రేపు మొహమాటం ఉండదు" అన్నాడు మామ.

ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు ఆ దుకాణంలో గంటసేపు కూర్చునేదాన్ని. సుద్దపొడి అద్దిన దారం రెండు చివర్లా బిగించి పట్టి, మధ్యలో లాగి వదిలితే రేకు మీద సన్నని తెల్ల గీత పడేది. దారం ఒక కొస నాది. ఎడమచేతి పిడికిలి మీద కుడిచేతి మణికట్టు ఆనించి, ఊపిరి బిగబట్టి, "శ్రీ" అనే అక్షరాన్ని మామ రెండే కుంచె దెబ్బలతో దించేవాడు. అంతా అయ్యాక, రంగు ఆరే లోపల, కింద కుడి మూలన చిటికెన వేలి గోరంత అక్షరాలతో తన దుకాణం పేరు, పక్కన "కావలి" అని రాసేవాడు. అది ఎందుకని అడిగాను ఒకసారి. "రేపు ఇంకొకడు ఈ బోర్డు చూసి నన్నెట్టా కనుక్కుంటాడు పాపా?" అన్నాడు.

తర్వాత నేను నాలుగేళ్ళు బీఎఫ్‌ఏ, అంటే బొమ్మల డిగ్రీ, చదివాను. మనిషి ఎముకలు గీయడం, నీడ వెలుగులు, చెక్క మీద చెక్కి అచ్చు తీయడం, నీటిరంగుల్ని నమ్మి వదిలేయడం నేర్చుకున్నాను. ఆ నాలుగేళ్ళకు నేను ఈరోజుకీ రుణపడి ఉన్నాను. కానీ ఆ నాలుగేళ్ళలో ఒక్క తరగతిలోనూ అడ్వాన్సు సంగతి గానీ, అడుగుల లెక్క గానీ, మూలన పేరు సంగతి గానీ రాలేదు. మామ దుకాణంలో చూసిన ఆ మూడు విషయాలూ నేను డిగ్రీ తర్వాత, డబ్బు పోగొట్టుకుని, మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది.

పోయిన నెలలో కందుకూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. బీఎఫ్‌ఏ అయిపోయింది, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయాలని ఉంది. "అక్కా, హైదరాబాద్ పోమంటావా, ఇక్కడే ఉండమంటావా?" అని అడిగింది. పావుగంట ఏదో చెప్పాను. ఫోన్ పెట్టేశాక అసలు మాట చెప్పలేదనిపించింది. నేను చెప్పదలచుకున్నది ఇది: డిగ్రీ అయిన తర్వాతి రెండేళ్ళను కళాకారుల్లాగా కాదు, బోర్డులు రాసే ఆర్టిస్టులాగా ప్లాను చేసుకోవాలి. అలా చేసుకునే పక్షంలో సొంత ఊరు వదలడానికి తొందరపడకూడదు. ఈ రెండో మాటతో చాలామంది ఒప్పుకోరు. నేనూ 2018లో ఒప్పుకునేదాన్ని కాదు.

డిగ్రీ చేతికొచ్చిన నెలలోనే హైదరాబాద్ వెళ్ళాను. పిల్లల చదువు యాప్ తయారుచేసే ఒక సంస్థలో ఉద్యోగం, జీతం 18,000. హాస్టలుకు 7,000, బస్సులకీ మెట్రోకీ 1,800, ఇంటికి 3,000, తక్కినవి పోగా నెలాఖరుకు 2,000, ఒక్కో నెల 2,500 మిగిలేది. పద్నాలుగు నెలల తర్వాత చేతిలో ఉన్నది 31,000. ఆ పద్నాలుగు నెలల్లో నేను గీసినవి ఆరువందల పైచిలుకు బొమ్మలు. ఆపిల్, బంతి, పిల్లి, డప్పు, మళ్ళీ ఆపిల్. ఉద్యోగం మానేసే రోజున, వీటిలో కొన్ని నా పోర్ట్‌ఫోలియోలో, అంటే పని అడిగేటప్పుడు చూపించే బొమ్మల కట్టలో, పెట్టుకోవచ్చా అని అడిగితే కుదరదన్నారు. అప్పుడు వాళ్ళు అన్యాయం చేశారనుకున్నాను. తర్వాత చట్టం చదివాను. ఉద్యోగంలో ఉండగా, ఆ ఉద్యోగంలో భాగంగా గీసినవాటికి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తొలి యజమాని ఉద్యోగం ఇచ్చిన సంస్థే. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతుంది. అన్యాయమేమీ లేదు, చేరేముందు నేను అడగలేదు, అంతే. కానీ ఫలితం ఏమిటంటే పద్నాలుగు నెలల పని తర్వాత కూడా నా దగ్గర చూపించడానికి కాలేజీ బొమ్మలే ఉన్నాయి.

ఆ 31,000ని హైదరాబాద్‌లో లెక్క కడితే రెండు నెలల బతుకు. కావలిలో కడితే, ఇంట్లో నెలకు 4,000 ఇచ్చి, ఇంటర్నెట్టూ కాగితాలూ రైలు టికెట్లూ 2,000 అనుకున్నా, ఐదు నెలలు. బొమ్మలు వేసేవాళ్ళకు మొదట్లో కావలసింది జీతం కాదు, ఇలాంటి నెలలు. ఎవరూ పని ఇవ్వకపోయినా, నేను చేయదలచుకున్న పనే ఎనిమిది పేజీలు నాకోసం నేను చేసుకోగల నెలలు. ఈ లెక్క తెలియక అద్దెలకోసం ఆపిళ్ళు గీస్తూ ముప్ఫై ఏళ్ళకు వచ్చిన మంచి చేతులు నాకు తెలుసు.

మన పెద్దవాళ్ళు ఊళ్ళు వదిలి వెళ్ళలేదా అంటారు. వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో చూడాలి. తెలుగు పత్రికలు మద్రాసులో ఉండేవి గనక మద్రాసు వెళ్ళారు. చందమామ 1947 జులైలో మద్రాసు నుంచే మొదలైంది. చిత్రా, శంకర్ లాంటి ఆర్టిస్టులు అక్కడ కూర్చునే తరాల పిల్లల కళ్ళల్లో రాజులనీ భేతాళుడినీ నిలిపారు. బాపుగారు మద్రాసులోనే లా చదివారు, అక్కడి పత్రికల్లోనే బొమ్మలు వేశారు. పత్రికలు హైదరాబాద్, విజయవాడలకు మారాక ఆర్టిస్టులూ మారారు. అంటే అచ్చుయంత్రం ఎక్కడుంటే బొమ్మ అక్కడికి పోయింది. బొమ్మను అచ్చుదిమ్మగా చేసే బ్లాకు మేకరు పక్కనే ఉండాలి, ఎడిటరు సాయంత్రానికి ముఖచిత్రం కావాలంటాడు. ఆ కారణం ఇప్పుడు లేదు. నేను కావలిలో మామ దుకాణం అటక మీద కూర్చుని గీసిన బొమ్మ అరనిమిషంలో చెన్నై ఎడిటరు ముందు ఉంటుంది. కారణం పోయినా అలవాటు మాత్రం మిగిలింది.

ఆ రోజుల్లో కూడా ఒకాయన వెళ్ళకుండా చేసి చూపించారు. వడ్డాది పాపయ్యగారు విశాఖ జిల్లాలో డ్రాయింగ్ మాస్టారుగా ఉద్యోగం చేస్తూ, కశింకోటలో ఉంటూ, చందమామకీ యువ పత్రికకీ బొమ్మలు పంపేవారు. మూలన "వ.పా." రెండక్షరాలు చూసి తెలుగు దేశమంతా ఆయన్ని పోల్చుకుంది. చిన్న ఊళ్ళో ఉండి పెద్ద పని చేయడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

ఇక్కడ మా నాయన మాట ఒకటి చెప్పాలి. నేను బీఎఫ్‌ఏ అన్నప్పటినుంచీ ఆయన పట్టు ఒకటే. "డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు రాయి. వేసవిలో 42 రోజుల టీటీసీ, ఆ టీచరు ట్రైనింగు, చెయ్యి. ఏదో ఒక బళ్ళో డ్రాయింగ్ టీచరుగా చేరితే నీ బొమ్మలు నువ్వు వేసుకోవచ్చు." అది నన్ను తక్కువ చేయడం అనుకుని రెండేళ్ళు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు ఆయన చెప్పింది సగం నిజమనే అనుకుంటున్నాను. నెలకు ఇంత అని వచ్చే చిన్న సంపాదన, సాయంత్రాలను ఖాళీగా వదిలే సంపాదన, బొమ్మలు వేసేవాళ్ళకు ఏ అవార్డు కన్నా మేలు చేస్తుంది. నేను టీటీసీ చేయలేదు గానీ మూడు వేసవులు మా వీధి పిలకాయలకు బొమ్మల క్లాసులు చెప్పాను. ఒక్కో వేసవి సంపాదన నాకు ఏడాదిలో మూడు నెలలు ఇచ్చింది. పైగా పిలకాయలు ఎలా కూర్చుంటారో, ఏడుపు మొదలయ్యే ముందు కింది పెదవి ఏమవుతుందో అక్కడే చూశాను. పుస్తకాల్లో నేను వేసే పిల్లలు అప్పటినుంచే బతికారు.

నాయన మాటలో రెండో సగం తప్పు. ఉద్యోగం వస్తే బొమ్మలు వాటంతట అవే వస్తాయని ఆయన నమ్మకం. రావు. పాపయ్యగారికి బడి ఉద్యోగం బొమ్మలు ఇవ్వలేదు, బడి వదిలాక ఆయన కూర్చున్న గంటలు ఇచ్చాయి.

ఊళ్ళో ఉండమని సలహా ఇచ్చేవాళ్ళు చెప్పని సంగతి కూడా ఒకటుంది. ఇంట్లో ఉంటే, ముఖ్యంగా ఆడపిల్లయితే, ఇంటివాళ్ళ దృష్టిలో ఖాళీగా ఉన్నట్టే. పొద్దున పది గంటలకు టేబుల్ దగ్గర కూర్చుంటే, "ఊరికేగా ఉండావు, కాస్త ఆ చింతపండు పిక్కలు తియ్యి" అంటారు. పదకొండుకు చుట్టాలు వస్తారు. పన్నెండుకు ఎవరిదో సంబంధం సంగతి. మా అమ్మ చెడ్డది కాదు, ఆమెకు పని అంటే ఇల్లు దాటి వెళ్ళేది. ఆరు వారాలు అలా పోయాక మామ తన దుకాణం అటక ఖాళీ చేసి, కిటికీ వైపు బల్ల వేయించాడు. పదింటికి పోవడం, ఆరింటికి రావడం. అమ్మ మర్నాటినుంచే నాకు క్యారియరు కట్టడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఉండండి, కానీ ఇంట్లో పనిచేయకండి. లైబ్రరీ మూల అయినా సరే, చుట్టాల మేడమీద గది అయినా సరే, గడప దాటి వెళ్ళే చోటు ఒకటి చూసుకోండి.

హైదరాబాద్ వదలడం వల్ల పోయేదీ ఉంది. సాటి ఆర్టిస్టులు ఉండరు. నా బొమ్మలో తప్పు చెప్పేవాళ్ళు కావలిలో మామ తప్ప లేరు. ఆ లోటును నేను మద్రాసుతో కొంత పూడ్చుకున్నాను. నెల్లూరు జిల్లావాళ్ళకు హైదరాబాద్ కన్నా మద్రాసు దగ్గర. పినాకిని ఎక్స్‌ప్రెస్ పొద్దున కావలిలో ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగొచ్చు. పిల్లల పుస్తకాలు వేసే పబ్లిషర్లు, 1994లో మొదలైన తారా బుక్స్, 1996లో మొదలైన తులికా రెండూ అక్కడే ఉన్నాయి. తులికా పుస్తకాలు తెలుగుతో కలిపి తొమ్మిది భాషల్లో వస్తాయి. అందరూ హైదరాబాద్ వైపు చూస్తున్నప్పుడు, మన పెద్దవాళ్ళు పోయిన రైలుమార్గంలోనే మనకు పని ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

అలా ఒక పబ్లిషరు దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు అరవై బొమ్మలు పట్టుకెళ్ళాను. దేవుళ్ళు, సినిమా హీరోలు, ప్రకృతి దృశ్యాలు, పెద్ద కళ్ళ అమ్మాయిలు, లోగోలు, పెళ్ళికార్డు డిజైన్లు. ఎడిటరు ఆవిడ ఓపిగ్గా తిప్పింది. ఒక్కచోట ఆగింది. అది పెన్సిలుతో గీసిన చిత్తు బొమ్మ. నెల్లూరు రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు నీళ్ళల్లో నిలబడి ఒకామె ఇంకొకామె చేతిలో రొట్టె పెడుతోంది, పక్కన పిల్లాడు ఆ రొట్టె వైపే చూస్తున్నాడు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర ఇది ఏటా జరుగుతుంది. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె అని కోరికను బట్టి రొట్టెలుంటాయి. కోరిక ఉన్నవాళ్ళు పట్టుకుంటారు, తీరినవాళ్ళు మర్నాటి ఏడు తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. హిందువులూ ముస్లిములూ ఒకే నీళ్ళల్లో నిలబడతారు. ఇదంతా నేను ఆవిడకు ఉత్సాహంగా చెబుతూ పోయాను. విని, "ఈ పిల్లాడు తర్వాతి పేజీలో ఏం చేస్తాడు?" అని అడిగింది.

నా దగ్గర తర్వాతి పేజీ లేదు. అరవై బొమ్మల్లో ఒక్క మనిషి కూడా రెండుసార్లు కనిపించడు.

పిల్లల పుస్తకాలకు వేయాలనుకునేవాళ్ళు ఇది గుండెల్లో పెట్టుకోవాలి. ఆ పిల్లాడే వెనకనుంచి, పైనుంచి, నిద్రలో, కోపంలో, పరిగెడుతూ, అదే చెవులతో అదే నడకతో వస్తాడా అన్నదే ఎడిటర్లు చూస్తారు. ఒక్క బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది వాళ్ళకు చెప్పేది తక్కువ. నేను కావలి తిరిగొచ్చి మూడు నెలలు అదే పని చేశాను. రొట్టె పిల్లాడి కథ ఎనిమిది పేజీలు. రెండోసారి పన్నెండే కాగితాలు పట్టుకెళ్ళాను. నా మొదటి పుస్తకం ఆ పన్నెండు కాగితాల వల్లే వచ్చింది.

మరో సంగతి, ఇది తెలుగులో వేసేవాళ్ళే చెప్పుకోవాలి. చాలా పుస్తకాల డిజైను ముందు ఇంగ్లీషులో జరుగుతుంది. బొమ్మలో అక్షరాలకు వదిలిన ఖాళీ ఆ కొలతతోనే ఉంటుంది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. "స్త్రీ" అనే ఒక్క అక్షరం కిందికీ పైకీ ఎంత చోటు తింటుందో చూడండి. వరసకీ వరసకీ మధ్య ఎడం ఎక్కువ కావాలి. మాటలూ పొడుగు, వరస చివర విరగవు. ఇంగ్లీషులో మూడు వరసలు పట్టిన ఆకాశంలో తెలుగు ఐదు వరసలై పిట్ట మీదికి ఎక్కుతుంది. నా మొదటి పుస్తకంలో ఒక కొంగ కాళ్ళు తెలుగు వాక్యం కింద పోయాయి. అప్పటినుంచి నేను స్కెచ్ దశలోనే అసలు తెలుగు వాక్యాన్ని తెప్పించుకుని, అసలు ఫాంటులో పెట్టి, ఆ తర్వాతే కొంగను నిలబెడుతున్నాను. తెలుగు చదవగల, తెలుగు అక్షరం ఎంత చోటు అడుగుతుందో తెలిసిన ఆర్టిస్టుకు ఇది పెద్ద బలం. పోర్ట్‌ఫోలియోలో కనీసం రెండు పేజీలు తెలుగు అక్షరాలతో సహా ఉంచండి.

రంగుల గురించి ఒక్క మాట. నాటేసి నెల దాటిన వరి పచ్చ స్క్రీను మీద ఎలా వెలుగుతుందో అచ్చులో అలా రాదు. స్క్రీనుది వెలుతురు, అచ్చుది నాలుగు సిరాలు. సీఎంవైకే, అంటే ఆ నాలుగు సిరాల, రంగుల్లో చూసుకోకుండా ఫైలు పంపితే పెన్నా కింది పొలమంతా ఎండిన గడ్డిలా అచ్చవుతుంది. అంగుళానికి 300 చుక్కలు (డీపీఐ), అంచులు కోసేటప్పుడు పోవడానికి 3 మిల్లీమీటర్లు ఎక్కువ గీయడం (బ్లీడు) ఎవరైనా చెబుతారు. ఇది మాత్రం ఒకసారి అచ్చు చూసి ఏడిస్తే గానీ అర్థం కాదు.

మరి ఏం గీయాలి? ఊళ్ళో ఉండటంలో నాకు కనిపించిన అసలు లాభం ఇక్కడే ఉంది. పల్లె అనగానే మన పుస్తకాల్లో పూరిల్లు, వెనక రెండు కొండలు, మధ్యలో సూర్యుడు. కందుకూరు, కొండపి, టంగుటూరు దారిలో బస్సులో పోయినవాళ్ళకు పల్లె అంటే పొగాకు బ్యారన్, పచ్చి ఆకును వేడికి ఆరబెట్టే కొట్టం. చుట్టూ ఏమీ లేని చోట పొడుగ్గా నిలబడ్డ గోడలు, పైన రేకులు, లోపల కర్రలకు గుచ్చి వేలాడదీసిన ఆకు, రాత్రంతా మంట చూసుకుంటూ బయట మంచం వేసుకున్న మనిషి. మార్కాపురం పిల్లలకు పల్లె అంటే పలకల గనులు, దేశమంతా అక్షరాలు దిద్దిన నల్లరాయి. మా కావలి పక్క తీరంలో రొయ్యల గుంటల మీద తిరుగుతూ నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు. వీటిని పిల్లల పుస్తకంలో నేను చూసింది బహు తక్కువ. వీటిని హైదరాబాద్ అద్దెగదిలో ఫొటోలు చూసి గీయడం వేరు, సైకిలేసుకుని పోయి బ్యారన్ తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో చూసి గీయడం వేరు. "నీ స్టైలు ఏమిటి" అని అడిగితే కొత్తగా బొమ్మలు వేసేవాళ్ళు బెంగపడుతుంటారు. ఆ బెంగ పక్కనబెట్టి ఒక్క బ్యారన్‌ను పదిసార్లు గీస్తే, పదోసారి మీ చెయ్యి ఎటు వంగుతుందో అదే మీ స్టైలు.

ఇప్పుడు డబ్బు. మామ చదరపు అడుగు లెక్క కట్టేవాడు. మనకు అడుగు లేదు, రోజు ఉంది. నా లెక్క ఇది. నెలకు 20 రోజులు పనిచేస్తే అందులో డబ్బొచ్చే పని 12 రోజులే. మిగతా ఎనిమిదీ ఉత్తరాలకీ బిల్లులకీ కొత్త బొమ్మలకీ పోతాయి. నెలకు నాకు 15,000 కావాలనుకుంటే రోజు ధర 15,000ను 20తో కాదు, 12తో భాగించాలి. 1,250. ఎదురెదురు పేజీలు కలిపి ఒక బొమ్మకు స్కెచ్చు ఒక రోజు, మార్పులు అర రోజు, రంగులు రెండు రోజులు. మొత్తం మూడున్నర. అంటే 4,375. అంతకన్నా తక్కువకు ఒప్పుకుంటే మిగతాది నాయన జేబులోంచి పబ్లిషరుకు ఇస్తున్నట్టు. అలా ఇవ్వాలనిపించే మంచి పుస్తకాలూ ఉంటాయి, నేనూ ఇచ్చాను. కానీ ఇస్తున్నామని తెలిసి ఇవ్వాలి.

అడ్వాన్సు గురించి మామ నియమం మారలేదు. మొదట మూడోవంతు, స్కెచ్చులు ఒప్పుకున్నాక మూడోవంతు, ఫైళ్ళు ఇచ్చేటప్పుడు మిగతాది. ఒక సంస్థ నాకు పదకొండు నెలలు బాకీ పడింది. అప్పుడే చిన్న సంస్థలు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సంగతి తెలుసుకున్నాను. ఆధార్, పాన్ ఉంటే చాలు, రుసుము లేదు. అది చేయించుకున్న చిన్న సంస్థకు, మీ ఒక్కరిదే అయినా సరే, 2006 ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుంది. రాతపూర్వకంగా గడువు ఒప్పుకుంటే అది 45 రోజులు దాటకూడదు, ఒప్పుకోకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. బిల్లు కింద ఆ ఒక్క వాక్యం రాయడం మొదలుపెట్టాక నాకు కేసు వేయవలసిన అవసరం రాలేదు. సంస్థలు ఇచ్చేముందు టీడీఎస్ అని కొంత పన్ను కింద పట్టుకుంటే భయపడకండి. ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే. మొదటి ఏళ్ళల్లో దాని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు.

మూలన పేరు సంగతి నాకు అన్నిటికన్నా ఎక్కువ నొప్పి కలిగించింది. రెండో పుస్తకానికి ఒక పబ్లిషరు పంపిన కాగితంలో "సమస్త హక్కులు, అన్ని భాషల్లో, శాశ్వతంగా" అని ఉంది. సంతోషంలో సంతకం పెట్టాను. ఆ బొమ్మలు తర్వాత నాలుగు భాషల పుస్తకాల్లో, ఒక క్యాలెండరులో, నోటుపుస్తకాల అట్టల మీద వచ్చాయి. నాకు మొదట ఇచ్చిందే ఇచ్చింది. క్యాలెండరు మీద నా పేరు కూడా లేదు. పేరు విషయంలో మాత్రం అడిగే హక్కు నాకు మిగిలే ఉంది. హక్కులన్నీ అమ్మేసినా, ఇది నేను వేసిందని చెప్పుకునే హక్కు, నా పరువు పోయేలా బొమ్మను చెడగొడితే అభ్యంతరం చెప్పే హక్కు వేసినవాళ్ళకే ఉంటాయని అదే కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. ఉత్తరం రాశాను. మర్నాటి ఏడు క్యాలెండరులో పేరు వచ్చింది.

చట్టం మనవైపు ఉన్నంత మనకు తెలియదు. హక్కులు ఇంకొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలమో రాయకపోతే ఐదేళ్ళు. ఎక్కడ అన్నది రాయకపోతే భారతదేశం వరకే. ఇది 19వ సెక్షన్. చట్టం మనకు వ్యతిరేకంగా ఉన్నచోటూ తెలుసుకోవాలి. డబ్బిచ్చి ఎవరైనా పెయింటింగో పోర్ట్రైటో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు వేయించుకున్నవాళ్ళే తొలి యజమాని. అందుకే ఎంత చిన్న పనికైనా నాలుగు వాక్యాల ఉత్తరం ఉండాలి. ఏ బొమ్మలు, ఏ పుస్తకానికి, ఏ భాషల్లో, ఎన్నేళ్ళకు. మిగతావి నావి. మీరు పోయాక కూడా 60 ఏళ్ళు ఆ బొమ్మ మీద మీ వాళ్ళకు హక్కు ఉంటుంది. అంత ఆస్తిని హడావిడిలో రాసివ్వకండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్ లాంటి చోట్ల బొమ్మలు తెరిచిన లైసెన్సుతో ఉంటాయి, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. అక్కడ ఒకటి రెండు పుస్తకాలు వేయడం మంచిదే, మీ పని దేశమంతా తిరుగుతుంది. కానీ ఆ బొమ్మ మళ్ళీ మీ ఒక్కరిదిగా తిరిగిరాదు. ఏది అలా వదలాలో, ఏది ఉంచుకోవాలో ముందే తేల్చుకోండి.

కంప్యూటరే బొమ్మలు గీస్తుంటే ఇంకా ఈ ప్లానులెందుకని కందుకూరు అమ్మాయి చివర్లో అడిగింది. గొంతు వణికింది. ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు ఫ్లెక్సీ వచ్చిన ఏడాది గుర్తొచ్చింది. ఆరేడు నెలల్లో మామ పుస్తకంలో పేజీలు తెల్లగా మిగిలాయి. పదేళ్ళ పిల్లను, అయినా ఆ తెల్ల పేజీలు గుర్తున్నాయి. మామ ఒక ఏడాది దుకాణం మూసి పెయింటు కొట్టు దగ్గర పనిచేశాడు. తర్వాత గుళ్ళ మండపాలకీ, రథాలకీ, ఆ తర్వాత బడి గోడలకీ రంగులు వేయడంలోకి దిగాడు. ఫ్లెక్సీ కట్టలేని చోట్లు వెతుక్కున్నాడు. నా వృత్తిలోనూ ఒక్క బొమ్మ, తొందరగా, చౌకగా కావాలనే పనులు పోయాయి. పెళ్ళికార్డులు, లోగోలు, పోస్టర్లు నాకు రావడం మానేశాయి. డిగ్రీ తర్వాతి ప్లానును వాటిమీద కట్టుకోవద్దు. ఎడిటరు మూడోసారి "పిల్లాడు కాస్త తక్కువ భయపడాలి" అన్నప్పుడు ఆ మాటకు అర్థమేమిటో ఆలోచించి మార్చేది, బ్యారన్ తలుపు ఎటు తెరుచుకుంటుందో పోయి చూసొచ్చేది మనిషే. నేను నా రోజులన్నీ ఆ వైపే పెట్టాను.

వచ్చే ఆదివారం ఆ అమ్మాయి కందుకూరు నుంచి బస్సులో వస్తోంది. అరవై బొమ్మలు వద్దు, తాను చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో చూసిన గేదె కథ ఒకటి చెప్పింది, అది ఎనిమిది పేజీలు స్కెచ్చులు వేసి, తెలుగు వాక్యాలు కూడా పెట్టి తెమ్మన్నాను. ఆ ఎనిమిది పేజీలకు ఎన్ని రోజులు పట్టిందో పక్కన రాసుకోమన్నాను. మామతో చెబితే అటక ఎక్కి, పాత ఎర్ర పుస్తకంలో వాడకుండా మిగిలిన తెల్ల పేజీలను దారంతో కుట్టి, చిన్న పుస్తకం ఒకటి చేసి నా బల్ల మీద పెట్టాడు. గడులు తనే గీశాడు. మొదటి పేజీలో పైన ఆ అమ్మాయి పేరు రాయడానికి చోటు వదిలాడు. నన్ను ఆమె పేరు అడిగాడు, చెప్పాను. "నువ్వు రాయొద్దులే, ఆ పిల్లనే రాసుకోనీ" అన్నాడు.